కింది అరలో పుస్తకం

ఈ సంగతి మా అక్కకి కూడా చెప్పలేదు. ఐర్లండ్‌లో కిల్కెన్నీ ఊరి దగ్గర పాత ఇంగ్లీషు దొరల బంగళా చూడటానికి ఇద్దరం వెళ్ళినప్పుడు, ముట్టుకోవద్దన్న పుస్తకాన్ని నేను ముట్టుకున్నాను.

బంగళా చూపించే పెద్దావిడ చేతులు వెనక్కి కట్టుకునే నడిచేది. ఏదైనా చూపించాలంటే గడ్డం ఎత్తేది తప్ప చెయ్యి తీసేది కాదు. ప్రతి గుమ్మంలోనూ ఆగి, "చేతులు వెనక్కి, వెనక్కి" అనేది. భోజనాల గదిలో ఒకాయన కుర్చీ మీద చెయ్యి వేస్తే మర్యాదగానే బయటికి పంపేసింది. అందరూ ఆయన్నే చూశారు. నన్నలా చూస్తే తట్టుకోగలనా అనుకున్నాను.

తర్వాతది లైబ్రరీ. నేల నుంచి కప్పు దాకా తోలు అట్టల పుస్తకాలు. పైకి చూస్తూ నడుస్తుంటే, కింది అరలోంచి కాస్త ముందుకు వచ్చిన లావు పుస్తకానికి నా కాలు తగిలింది. ఆలోచించేలోపే వంగి, దాన్ని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. తలెత్తితే ఆవిడ నన్నే చూస్తోంది.

మా అక్కతో సహా అందరూ పక్క గదిలోకి వెళ్ళేదాకా ఆగి, దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడేం చేశావు?"

"కాలు తగిలింది. మా ఇళ్ళల్లో పుస్తకానికి కాలు తగిలితే ఇలా క్షమించమని అడుగుతాం" అన్నాను.

ఆవిడ ఒకసారి గుమ్మం వైపు చూసింది. వెనకున్న చేతులు విడివడి, ఒకటి నా భుజం మీద ఆనింది.

"యూ ఆర్ గ్రాండ్, పెట్" అంది, 'ఏం ఫర్వాలేదు, బంగారం' అని అక్కడివాళ్ళు అనే మాటతో. "రోజూ పొద్దున్న నేల తుడిచేటప్పుడు నా కాలూ దానికే తగులుతుంది. నా తరఫున కూడా ఒకసారి కళ్ళకద్దుకో."