మద్రాసు లైను చెడిన నాలుగు రోజులు

నేను కొట్టింది ‘యూరియా’ అని. మద్రాసులో అచ్చయింది ఏడు, నాలుగు, మూడు, ఆ పక్కన ఒక అడ్డగీత.

డెబ్బైల నడిమి సంవత్సరాల్లో, ఒక మే నెలలో జరిగింది ఇది. అప్పుడు నేను వన్ టౌన్‌లో ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో టెలిప్రింటర్ ఆపరేటర్ని. ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసయ్యానని ఆ ఉద్యోగం ఇచ్చారు. రోజూ పటమట నుంచి సిటీ బస్సులో వెళ్లివచ్చేదాన్ని. టెలిప్రింటర్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకి చెప్పాలి. చూడటానికి పెద్ద టైపు మిషనులా ఉంటుంది. ఇక్కడ మీట నొక్కితే మన కాగితం మీద పడే అక్షరమే, తీగ మీదుగా వెళ్లి మద్రాసు హెడ్డాఫీసు మిషను మీద కూడా పడుతుంది. వాళ్లు కొడితే మాకు పడుతుంది. చాలా మీటలకి ఒక అక్షరం, ఒక అంకె రెండూ ఉంటాయి. ‘ఇక అక్షరాలు’, ‘ఇక అంకెలు’ అని ముందుగా ఒక సంకేతం వెళ్లాలి. ఆ సంకేతం దారిలో చెడిపోతే అక్షరాలన్నీ అంకెలైపోతాయి.

జూన్‌లో కాలవలకి నీళ్లు వదులుతారు. ఆలోగా గుడివాడకి ఎన్ని వ్యాగన్ల ఎరువు కావాలి, బందరుకి ఎన్ని అన్నది మద్రాసుకి చెప్పాలి. సరిగ్గా ఆ వారమే లైను తిక్కతిక్కగా తయారైంది. సోమవారం మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. ఫోను పెట్టేసి మేనేజరు గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

“ఏమ్మా, కళ్లు మూసుకుని కొడుతున్నావా?”

నా కాగితం చూపించాను. అందులో ప్రతి అక్షరం సరిగ్గా ఉంది. మన దగ్గర బాగుంటే ఏం లాభం, చదవాల్సింది వాళ్లు కదా అన్నారాయన. మళ్లీ కొట్టమన్నారు. మళ్లీ కొట్టాను. మళ్లీ చెత్తే వెళ్లింది. వాళ్లు తిరిగి కొట్టిన జవాబు కూడా మా కాగితం మీద చెత్తగానే పడింది. అది చూపిస్తే ఆయన చూడలేదు.

లైను పరీక్షకి మాకు ఒక పద్ధతి ఉండేది. ఆర్, వై అనే రెండక్షరాలనే మార్చి మార్చి రెండు మూడు వరసలు కొట్టడం. ఆ వరస చెడకుండా వెళితే అన్నీ వెళతాయి. నేను పేజీలకి పేజీలు ఆర్ వై కొట్టాను. పొద్దున్నే కాస్త నయంగా ఉండేది, ఎండెక్కేసరికి పాడయ్యేది. లైను తీసేసి మిషను ఒక్కదాన్నే నడిపి చూస్తే ఒక్క తప్పు కూడా లేదు. ఈ మాట కూడా మేనేజరు గారికి చెప్పాను. “నువ్వు ఆపరేటరువమ్మా, మెకానిక్కువి కాదు” అన్నారు.

మంగళవారం తంతి తపాలా శాఖ లైన్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మీటరు పెట్టి, ఎక్స్ఛేంజీకి ఫోను చేసి, లైను శుభ్రంగా ఉంది, దోషం మిషనుదేనని రిజిస్టరులో రాసి సంతకం పెట్టి వెళ్లాడు. బుధవారం మద్రాసు నుంచి రైల్లో మెకానిక్ దిగాడు. పెద్దాయన, బాగా పనితెలిసిన మనిషి. మిషను మూత విప్పి, మోటారు వేగం చూసి, నూనె వేసి, బ్రష్షుతో తుడిచి, మిషను కొత్తదానిలా ఉంది, దోషం లైనుదేనని అదే పేజీలో కింద రాశాడు. వెళుతూ వెళుతూ, మీటలు మరీ గట్టిగా కొడుతున్నట్టున్నావమ్మా అని కూడా అన్నాడు. మూడు రోజులుగా కోపంతో గట్టిగానే కొడుతున్నాను మరి.

ఈలోగా వ్యాగన్ల సంగతంతా ట్రంక్ కాల్‌లో చెప్పాల్సి వచ్చేది. గంటలకొద్దీ కనిపెట్టుకుని కూర్చుంటే లైను దొరికేది, దొరికాక కైకలూరు అని నేను అరిస్తే అవతలాయన కావలి అని రాసుకునేవాడు. ఇంటికి వెళ్లి అన్నం ముందు విసురుగా కూర్చుంటే, మా అమ్మ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ మిషనుని కూడా కలిపింది. ‘ప్రభువా, పిల్ల ఆఫీసు యంత్రాన్ని బాగుచెయ్యి’ అంటుంటే నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

గురువారం పొద్దున నా బల్ల మీద మెమో ఉంది. లైనూ మిషనూ రెండూ బాగున్నట్టు రిజిస్టరులో ఉన్నందున, తప్పులకి ఆపరేటరు సంజాయిషీ ఇవ్వాలట. అది చేత్తో పట్టుకుని, ఎవరూ చూడకుండా ఏడుద్దామని పెరటి వసారాలోకి వెళ్లాను.

అక్కడ గోడవెంట ఒక రాగి తీగ దిగి, సిమెంటు వరలో ఉన్న చిన్న గోతిలోకి పోతోంది. అది మా మిషను ఎర్త్. కరెంటు తిరిగి వెళ్లేది ఆ భూమిలోంచేనని, మట్టి తడిగా ఉంటేనే అది వెళ్తుందని శిక్షణలో చెప్పారు, పరీక్షకి రాసి మర్చిపోయాను. గోతిలో మట్టి పెంకులా ఎండి, తీగ చుట్టూ బీట విచ్చి ఉంది. ఆఫీసు ఊడ్చే ఆవిడ పక్కనే చీపురు కట్టుకుంటోంది. ఈ గోతిలో ఎవరూ నీళ్లు పొయ్యరా అని అడిగాను.

“రోజూ రెండు బిందెలు పోసేదాన్నండి. మీరే వద్దన్నారు గదండి అమ్మాయిగారూ.”

నేనేనా అన్నాను.

“తోవంతా బురదవుతుంది, చీర కుచ్చిళ్లు పాడవుతున్నాయన్నారండి. కాలవలు కట్టేశాక కుళాయి కూడా సరిగ్గా రావట్లేదు, పోన్లే అని మానేశానండి.”

నిజమే, అన్నాను. నెల్లాళ్ల కిందట, ఈస్టరుకి కొనుక్కున్న కొత్త చీర కట్టుకొచ్చిన రోజు, చిరాగ్గా అన్నాను. అన్న మరుక్షణం మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

పక్క గోడౌన్‌లో చేతిపంపు ఉంది. ఇద్దరం కలిసి ఆరు బిందెలు తెచ్చి పోశాం. మొదటి రెండూ ఎక్కడికి పోయాయో తెలియలేదు. అరగంట ఆగి లోపలికి వెళ్లి ఆర్ వై కొట్టాను. మద్రాసు ఆపరేటర్ నుంచి తిరుగు వరస వచ్చింది, ఒక్క అక్షరం చెడలేదు. ఆ వెంటనే, బాగా పడుతోంది, ఏం చేశారు అని అడిగాడు. నేను ముందు గుడివాడ వ్యాగన్ల లెక్క పంపాను.

మేనేజరు గారికి ఎర్త్ ఎండిపోయిందని చెప్పాను. అంతవరకే చెప్పాను. ఆయన ఊడ్చే ఆవిడని పిలిచి, రోజూ చేసే పని ఎందుకు మానేశావని అందరి ముందూ గట్టిగా కేకలేశారు. ఆవిడ ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. నా పేరు చెప్పలేదు. నేను కాగితం సర్దుతున్నట్టు నటించాను. నాలుగు రోజులుగా నా మాట ఎవరూ వినలేదని రగిలిపోయినదాన్ని, చెప్పాల్సిన ఒక్క మాట దగ్గర నోరు మెదపలేకపోయాను.

మర్నాడు ఆయన గదిలోకి వెళ్లి, వద్దన్నది నేనేనని చెప్పాను. ఆయన వ్యాగన్ల పట్టికలోంచి తలెత్తలేదు. “సరేలేమ్మా. బందరు మెసేజ్ వెళ్లిందా?” అన్నారు. వెళ్లిందన్నాను. ఇంకా నిలబడి ఉంటే, ఇంకేమిటి అన్నట్టు చూశారు.

పెరట్లో ఆవిడ గోతిలో నీళ్లు పోస్తోంది. అయ్యగారికి చెప్పేశానన్నాను. ఆవిడ బిందె కింద పెట్టింది.

“తిట్టాల్సింది నిన్ననే తిట్టేశారు గదండీ” అంది. తర్వాత ఖాళీ బిందె ఎత్తుకుని పంపు దగ్గరికి వెళ్లింది. వెనకే నేనూ రెండో బిందె తీసుకుని వెళ్లాను. ఆవిడ వద్దనలేదు, నా కోసం ఆగనూ లేదు.