కుంకుమరంగు ఐరిస్ కోసం

పక్కింటి అంకుల్ పోయారు. ఫిబ్రవరి చివర్లో నేను సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ డ్యూటీలో ఉండగా క్రోయిడన్ నుంచి ఆయన చెల్లెలు ఫోన్ చేశారు. "అన్నయ్య తెల్లారుజామున పోయాడమ్మా, హాస్పిటల్లో. నీ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంది" అన్నారు. సరేనండీ అని పెట్టేసి, కౌంటర్ ముందున్న పేషెంట్‌ని డేట్ ఆఫ్ బర్త్ అడిగాను. ఏడుపు సాయంత్రం బస్సులో వచ్చింది.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. భార్య లేరు, పిల్లలు లేరు. ఇంటి వెనక కాస్త స్థలం, దాన్నిండా ఐరిస్ పూలమొక్కలు.

పరిచయమే నా తప్పుతో మొదలైంది. మేము ఈ ఇంగ్లీషు ఊరికి, బ్రాక్‌నెల్‌కి, వచ్చిన మొదటి వసంతం అది. మా ఆయన సోమవారం క్లయింట్ ఆఫీసుకి వెళితే శుక్రవారానికి గానీ వచ్చేవారు కాదు. ఒక శుక్రవారం పొద్దున ఫెన్స్ మీదుగా మా వైపు ముదురు రంగు పువ్వొకటి వాలి కనిపించింది. మా ఊళ్ళో గోడ దాటి వాలిన పువ్వు కోయడానికి ఎవరూ ఎవర్నీ అడగరు. కోసి అమ్మవారి దగ్గర పెట్టాను.

గంటలో బెల్ మోగింది. జేబులో ట్వీజర్స్‌తో ఒక పెద్దాయన. "అమ్మాయ్, మీ దేవుడి దగ్గర ఓ పువ్వుందేమో, ఒక్కసారి చూడనిస్తావా?" అన్నారు. ఆయన తెలుగువారని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. బూట్లు బయట విప్పి లోపలికొచ్చి, పటం ముందు వంగి చాలాసేపు చూశారు. "దీని మొహం చూడాలని మూడేళ్ళబట్టీ కాచుక్కూచున్నానమ్మా. ఇవాళే విచ్చింది."

సిగ్గుతో చచ్చిపోయాను. తీసి ఇవ్వబోతే చేత్తో ఆపారు. "ఉండనీ. దేవుడికి పెట్టింది తియ్యకూడదు. కాస్త పుప్పొడి మాత్రం అడిగి తీసుకుంటా" అని దణ్ణం పెట్టుకుని, ట్వీజర్స్‌తో దాన్ని తీసి మాత్రల డబ్బాలో వేసుకున్నారు. ఆ తర్వాత, టీ ఇస్తావా అని ఆయనే అడిగారు.

ఆయన ఫ్రిజ్‌లో అల్లప్పచ్చడి సీసా పక్కన అలాంటి డబ్బాలు వరసగా ఉండేవి. మే నెలలో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి అద్ది, గుర్తుకి కాడకి ఊలుదారం కట్టేవారు. "ఇవాళ రెండు సంబంధాలు కుదిర్చానమ్మాయ్" అనేవారు ఫెన్స్ మీదుగా. కాయ ఎండాలి, గింజ చలికాలమంతా బయట కుండీలో తడవాలి, మొలక దుంపకట్టాలి. పువ్వు కనపడేసరికి మూడేళ్ళు.

ఇంత పాటూ ఒక రంగు కోసం. ఐరిస్‌లో అన్ని రంగులూ ఉన్నాయట, అచ్చమైన ఎరుపు తప్ప. ఆయనకి కుంకుమరంగు కావాలి. వచ్చినవేమో ఇటుకరంగు, వక్కరంగు, నేరేడుపండు రంగు. "వస్తుందా అంకుల్?" అంటే, "రాదు. నా హయాంలో రాదు" అని నవ్వి మళ్ళీ దారం తీసేవారు.

నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయానికే. కొత్తగా పూసినవాటిలో ఎరుపు లేనివాటిని, పువ్వు విచ్చిన రోజే, ఎంత అందమైనదైనా సరే, పెకలించి పారేసేవారు. నాకివ్వండి అంటే ఇచ్చేవారు కాదు. "ఇవాళ జాలిపడితే రేపు కన్ను మోసం చేస్తుందమ్మా. చోటున్నది ఇంతే" అనేవారు. రాతిగుండె మనిషి అనుకునేదాన్ని.

పూలున్న మూడు వారాలూ వీధిలోవాళ్ళు ఆగి పలకరించేవారు. జూన్ వచ్చిందంటే ఎవరూ ఉండరు. చలికాలమంతా ఆయనింట్లో రేడియో ఒక్కటే మాట్లాడేది. నేనూ, ఉద్యోగంలో చేరాక, డ్యూటీల రోటా చూసుకునే హడావిడిలో వారాల తరబడి ఆ తలుపు తట్టలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

పోయిన సెప్టెంబరులో మోకాళ్ళు బొత్తిగా వంగడం మానేశాక, ఏడు కుండీలు ఒక్కొక్కటే ఫెన్స్ మీదుగా అందించారు. అవి ఆయన చివరి మొలకలు. ఈ మేలో మొదటిసారి పూయాలి. "నేనుంటే చూస్తా. లేకపోతే నువ్వే చూసి తేల్చాలి. నేను లేనని జాలిపడి ఒక్కటి కూడా ఉంచకు. మాటియ్యి" అన్నారు. ఇచ్చాను.

ఇప్పుడు మే నెల. పక్కింట్లో అద్దెకి ఎవరో దిగారు. ఐరిస్ మొక్కలున్న చోట కంకర పరిచారు. నా కుండీల్లో ఆరు పూశాయి, ఒకటి లేత పసుపు, మిగతావి గోధుమరంగు. ఆరింటినీ మాట ప్రకారం విచ్చిన రోజే పెకలించి గార్డెన్ వేస్ట్ బిన్‌లో వేశాను.

ఏడోది నిన్న విచ్చింది. వెనక నుంచి ఎండ పడితే రేకు ఎర్రగా ఉంది. మబ్బు కమ్మితే ఇటుకరంగు. ఇది ఎరుపేనా, లేక ఆయనన్నట్టు కన్ను మోసం చేస్తోందా, చెప్పగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కరే. విచ్చిన రోజు దాటిపోయింది. ఇవాళ సర్జరీకి సెలవు పెట్టి, చేతిలో తవ్వుకోలతో కుండీ పక్కన నిలబడి, మబ్బు ఎప్పుడు తొలగుతుందా అని చూస్తున్నాను.