సీలు తీయని రాగులు

2023 జనవరి, మూడో శనివారం, ఉదయం పదకొండు. బెంగళూరు బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసు. హాజరైనవారు: నేను, ఆనేకల్ వైపు రైతు మునిరత్నమ్మ, ఆ అపార్ట్‌మెంటులోనే ఉండే ఒంగోలు నర్సు కరుణమ్మ, ఐటీ ఉద్యోగి శ్రావణి, మరో తొమ్మిదిమంది తల్లులు. డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది.

మట్టి పరీక్షల ల్యాబులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాక, ఒక చిన్న సర్వే పని ఒప్పుకున్నాను. పైరు మీద జింక్ సల్ఫేట్ నీళ్లలో కలిపి కొడితే గింజలో జింకు పెరుగుతుంది. ఆకుల మీద కొట్టే ఈ పద్ధతిని ఫోలియార్ స్ప్రే అంటారు. అలా పండిన రాగులను నగరంలో జనం తింటారా, తినరా అన్నది నేను తెలుసుకోవలసిన విషయం. మునిరత్నమ్మ తన అరెకరం ట్రయల్ ప్లాటుగా ఇచ్చింది. ఆమెను నమ్మి ఊళ్లో మరో నాలుగిళ్లవాళ్లు కూడా పైరుకు జింకు కొట్టారు.

బల్ల మీద సీలు వేసిన పిండి సంచులు పెట్టాను. పద్ధతి ప్రకారం పక్కనే పైరుకు కొట్టిన జింకు ఎరువు పొట్లం కూడా పెట్టాను. అది చూసి అందరి ముఖాలూ ముడుచుకున్నాయి.

"అంకుల్, మేం ఆర్గానిక్ షాపు వెతుక్కుని వెళ్తుంటే, మీరు ఎరువు ప్యాకెట్ తెచ్చి చూపిస్తారేంటి?" అంది శ్రావణి. ఆమె బాబుకి రెండేళ్లు.

కరుణమ్మ నవ్వింది. "ఇది పిండిలో కలపలేదమ్మా, పైరు మీద కొట్టారు. పోయిన నెల మీ బాబుకి విరేచనాలైతే డాక్టరు గారు మాత్రలు రాశారు కదా? అది కూడా జింకే. నువ్వు ఒక్కపూట కూడా మానకుండా వేశావు."

గదిలో కాస్త సడలింపు వచ్చింది. అప్పుడు శ్రావణి మునిరత్నమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, మీ ఇంట్లో ఇవే తింటున్నారా?"

"లేదు తల్లీ. ఒక గింజ గూడా నోట్లో ఏసుకోలేదు. మా ఇంటికి వేరే మడి ఉండాది."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఈయప్పే వద్దన్న్యాడు," అని మునిరత్నమ్మ నన్ను చూపించింది. "కల్లంలోనే మూటలు కట్టి సీలేసినాడు. గింజ తగ్గితే పరీక్ష చెడిపోతాదంట."

అది నిజమే. సాంపిల్ కలుషితం కాకూడదని పిండిమర దగ్గర కూడా నేనే నిలబడ్డాను. కానీ అప్పటికే కుర్చీలు కదిలాయి. ఒక్క సంచీ కూడా ఎవరూ తీసుకోలేదు.

ఆటోలో మునిరత్నమ్మ నా వైపు తిరిగింది. "నిజం చెప్పి చెడగొడ్తినా అప్పా?"

"చెడగొట్టింది నువ్వు కాదు."

"ఊళ్లో నలుగురు నా మొగం చూసి పైరుకి జింకు కొట్టినారు. పట్నమోళ్లు ముట్టలేదని వాళ్లకెట్ల చెప్పేది?"

మడివాళలో మా ఇంటి దగ్గర ఆటో ఆపించాను. వంటింట్లో నా చేత్తోనే సీలు కోశాను. మా ఆవిడ అవరేకాళ్ల సారు, అంటే అనపగింజల పులుసు చేసి, ఆ పిండితో రాగిముద్ద తిప్పింది. మునిరత్నమ్మ మొదటి ముద్ద మింగి కళ్లు మూసుకుంది. మేమిద్దరం ఆమె నోరే చూస్తున్నాం.

"మా మడి రాగుల మాదిరే ఉండాది. ఏం తేడా లేదు." తర్వాత నన్ను చూసి, "అయ్యో, నమల్తా ఉండావే! ముద్దని మింగల్లప్పా. ఇన్నేండ్లు ఈ ఊర్లో ఏం నేర్చుకుంటివి?" అంది. మా ఆవిడ పడీపడీ నవ్వింది.

సాయంత్రం కరుణమ్మ ద్వారా అపార్ట్‌మెంటు గ్రూపుకు నాలుగు వాక్యాలు పంపాను. రైతు ఇంతవరకు తినకపోవడానికి కారణం నా నిబంధన. ఆ నిబంధన పెట్టిన నేనూ తినలేదు. ఈ మధ్యాహ్నం మేం ముగ్గురం తిన్నాం. రుచిలో తేడా తెలియలేదు.

నా ప్రశ్నాపత్రంలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. శ్రావణి అడిగినది వాటిలో లేదు. పరాయివాళ్ల చేతి తిండి బిడ్డ నోట్లో పెట్టే ముందు ఏ తల్లైనా అడిగేది అదొక్కటే. ఆ రోజు పేజీ అంచున ఇరవై మూడో ప్రశ్నగా రాసుకున్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి శ్రావణి, కరుణమ్మ మా గుమ్మంలో ఉన్నారు. శ్రావణి చేతిలో స్టీలు డబ్బా.

"అరకిలో చాలంకుల్. ముందు నేనూ మా ఆయనా తింటాం. బాబు సంగతి తర్వాత చూస్తా."

డబ్బా నింపుతూ మునిరత్నమ్మకు ఫోన్ చేసి, సంగతి చెప్పి స్పీకరు పెట్టాను. అవతల ముక్కు చీదిన చప్పుడు, ఆ వెనకే గొంతు:

"ఆయమ్మకి చెప్పప్పా, నమలొద్దని!"