నాలుగు పనులు, ఒకే భుజం

మా ప్రోగ్రాం మేనేజరు మొన్న గురువారం గడివేములలో, తన ఇంట్లోనే పోయారు. గుండెపోటు. నంద్యాల ఆఫీసులో ఫోనెత్తింది నేనే. విని "సరే" అన్నాను. దేనికి సరే అన్నానో ఇప్పటికీ తెలియదు.

మా విత్తనాల కంపెనీలో ఆమె అందరికీ అక్కే. నంద్యాల, ఆళ్ళగడ్డ యూనిట్లను ఒకే పద్ధతిలోకి తేవడానికి ఆమెను వేశారు. కొత్త గ్రేడింగ్ మిషను, కంప్యూటర్లో లెక్కలు, కొత్త గోదాము, కొత్త షిఫ్టులు. ఒక్కోదానికి ఒక్కో ఇన్‌ఛార్జి, నేనూ అందులో ఒకణ్ణి. ఎవరి పని వాళ్ళకు గొప్ప. అన్నీ కలిపి చూసింది అక్క ఒక్కరే.

"మీరు నలుగురూ నాలుగు పనులు చేస్తాండారప్పా. ఆళ్ళగడ్డలో మోసే భుజం మాత్రం ఒకటే," అనేవారు.

ఆ భుజం విత్తనాలు చెరిగి ఏరే ఆడవాళ్ళది. మిషను వస్తే చేటలు మూలకు పోతాయి, వాళ్ళ కూలీ పోతుంది. అది అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. అక్క కంపెనీ కారు వదిలేసి వాళ్ళెక్కే బస్సే ఎక్కేవారు. కార్లో దిగితే అంతా బాగుందంటారట, బస్సులో అయితే నిజం చెప్తారట.

ఆ బస్సులోనే ఒకామె మొహమ్మీద అడిగింది. "ఏందక్కా, మమ్మల్ని పంపిచ్చేదానికేనా వచ్చినావ్?"

"పంపిచ్చాలంటే కాయితం చాలు గదమ్మా, నేనెందుకు? మిషను మీరే నడపాల."

నేర్పడం మొదలైంది. వాళ్ళకింకా చేయి తిరగకముందే పైవాళ్ళు మిషను ప్రారంభానికి ముహూర్తం పెట్టేశారు. బయటి ఆపరేటర్లతో ఆ రోజుకు నడిపిద్దామన్నారు. బయటివాళ్ళు ఒకసారి కూర్చుంటే ఇక లేవరని అక్కకు తెలుసు. కంప్యూటరు పని, షిఫ్టుల పని వెనక్కి జరిపి, ఆ మనుషులందర్నీ నేర్పడానికి పంపించి, ముహూర్తాన్ని దాటిపోనిచ్చారు. కంపెనీ పెద్దాయన ఆఫీసంతా వినేలా కేకలేశాడు.

"మిషను ఇంకో నెల ఆగుతాది సార్. ఈళ్ళ పొయ్యి ఆగదు," అన్నారు అక్క, నిదానంగా. ఆ ఏడు ఆమెకు ప్రమోషన్ రాలేదు. మిషను మాత్రం ఆ ఆడవాళ్ళే నడుపుతున్నారు.

ఇప్పుడు ఇంకో మార్పు వస్తోంది, అది నా నెత్తిన పెట్టారు. అడగాల్సినవన్నీ ఇప్పుడే గుర్తొస్తున్నాయి, అడుగుదామంటే అక్క లేరు. ప్రతిదానికీ తననే అడిగే అలవాటు చేసి, ఇలా వెళ్ళిపోతే ఎట్లా? దుఃఖం కంటే ముందు నాకు కోపమే వస్తోంది.

శుక్రవారం గడివేముల వెళ్ళాను. పొద్దున ఆళ్ళగడ్డ నుంచి ఆ ఆడవాళ్ళలో సగం మందే వచ్చారు. తక్కినవాళ్ళేరీ అన్నాను.

"మిషను కాడ ఉండారు సార్. సీజను గదా, ఆపితే అక్క ఊరుకుంటాదా? మేం పోయినాంక వాళ్ళొస్తార్."

ఎవరూ చెప్పకుండానే ఆ ఏర్పాటు వాళ్ళే చేసుకున్నారు. రెండో జట్టు ఆటో దిగేసరికి అక్కను తీసుకుపోయారు. కడిగిన వాకిలి ఇంకా తడిగానే ఉంది. తలల నిండా విత్తనాల పొట్టుతో, చెప్పులు చేత పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక వాళ్ళు ఆ తడిలోనే నిలబడ్డారు.