నక్షత్రం పెట్టని బావ

మా అక్క మొగుడికి ఉన్న గుణం ఒక్కటే: ఇంటర్నెట్ రోజుకు పదిసార్లు తెగినా ఊరుకునేవాడు గాని, తెగకుండా చేసే చిట్కాను కంప్యూటర్ గడప తొక్కనిచ్చేవాడు కాదు.

అది ఫోను తీగ మీద ఇంటర్నెట్ నడిచిన కాలం. లోకమంతా బొమ్మ మీద నొక్కి లైను కలుపుకునేది. బావది మాత్రం అన్నీ చేత్తో రాసుకోవాల్సిన లినక్స్. ఏ నంబరు తిప్పాలో, అవతలివాడు పేరడిగితే ఏం చెప్పాలో నల్లటి తెర మీద, కంప్యూటర్‌ను ఫోను తీగకు కలిపే మోడెమ్ పెట్టెకు వరసగా రాసిపెట్టేవాడు. ఎన్నో దేశాలు తిరిగి ఎందరో గురువులను చూశాను; పెట్టెకు ఇంత ఓపిగ్గా పాఠం చెప్పినవాణ్ణి చూడలేదు.

"నంబరు మధ్య కామా ఎందుకు బావా?"

"నీ వ్యాసాల్లో కామాలు సోకుకి. ఇక్కడ కామా పెడితే మోడెమ్ రెండు సెకన్లు ఊపిరి పీల్చుకుంటుంది. నీ పాఠకులకు ఆ భాగ్యం లేదు."

ఇంత చేసినా, ఎవరైనా ఫోన్ చేస్తే లైను పుటుక్కున తెగేది. నంబరుకు ముందు నక్షత్రం గుర్తు, రెండంకెలు చేరిస్తే బయటి కాల్ అడ్డురాదని టెలిఫోన్ ఆఫీసువాళ్ళే చెప్పారు.

"రాయను," అన్నాడు బావ.

"మూడు ముక్కలేగా!"

"ఉన్నది ఒక్క తల. అది తీసేసినా రాయను."

ఆ రోజు సాయంత్రం ఐదులోగా నా యాత్రా వ్యాసం పత్రికకు చేరాలి. దాటితే ఆ పేజీలో పళ్ళపొడి ప్రకటన వేస్తానన్నాడు సంపాదకుడు. నాలుగున్నరకు ముప్పాతిక వంతు వెళ్ళింది. లైను తెగింది. ఫోన్ మోగింది.

బావ రిసీవరెత్తి విని, కుర్చీకాలితో నేలను దడదడ బాదాడు. "నర్సమ్మా! బేకరీవాళ్ళ కోడలికి నొప్పులట!"

"ఎన్ని నిమిషాలకోసారి అన్నయ్యగారూ?" కింది వాటాలోంచి కేక.

"ఏడు!"

సంచీతో పరుగెడుతూ ఆవిడ వీధిలోంచి అరిచింది: "కష్టమైతే మీకే ఫోన్ చేస్తా, అంబులెన్స్ పిలవండి!"

ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోసే ఆవిడకు ఫోన్ లేదు. అందరికీ ఇచ్చింది ఈ నంబరేనట; నక్షత్రం పెడితే వాళ్ళకు ఎంగేజే.

"ముందే చెప్పొచ్చుగా బావా?"

"చెబితే మంచివాడంటారు. ఆపైన పనులు చెబుతారు. మొండివాడికే సుఖం." అంటూ కీబోర్డు లాక్కున్నాడు. "ఇంకా టైముంది, మళ్ళీ కలుపుతానుండు."

మోడెమ్ తీగ పీకేశాను. "కలిసేదాకా ఆవిడకు ఎంగేజ్ వస్తుంది. వద్దు."

ఐదుకు రెండు నిమిషాలుండగా ఫోన్ మోగింది. ఇద్దరం దూకాం. సంపాదకుడు!

"మిగతాది ఎక్కడండీ?"

"ఫోన్ పెట్టేయండి సార్! ఇక్కడ కాన్పు జరుగుతోంది!"

"అయ్యో, ఎవరికండీ?"

"నాకేం తెలుసండీ!" అని నేనే పెట్టేశాను.