గాజు కడ్డీని తిప్పి చూసే భాయ్

దబీర్‌పురాలో తన అన్న నడిపే చాయ్ హోటల్లోనే సైఫన్ కాఫీ మొదలుపెట్టిన భాయ్‌ని తలచుకుంటే, గాజు కడ్డీని వేలితో తిప్పి చూసే అలవాటే గుర్తొస్తుంది. కింది బుడ్డిలోంచి నీళ్లు పైకెక్కి, పై గిన్నెలో పొడితో కాగిన కాఫీ తిరిగి కిందికి దిగేటప్పుడు పొడిని ఆపేది ఆ కడ్డీయే. కొనేటప్పుడు ఒక్కొక్క కడ్డీనీ గిన్నె గొంతులో వేసి చూసి, “ఇరుకొద్దు, ఊగొద్దు” అనేవాడు. గరుకుగా ఉన్నదే పొడిని ఆపుతుందని ఆ హోటల్‌కు రోజూ వచ్చే నేను లైబ్రరీలో చదివి చెప్పాను. అలాంటిదే ఎంచుకున్నాడు.

ఆ రోజు రుచి చూడటానికి అన్న కూర్చున్నాడు. “పొడి పంటికి తగిలిందో, నీ కాఫీ బంద్!”

కాఫీ మెల్లగా దిగుతోంది.

“ఏంది తమ్మీ, ఈపాటికి రెండు చాయ్‌లు తాగుతుంటి!”

“జర సబర్, భాయ్‌జాన్.”

అన్న కాఫీని చాయ్‌లాగే సాసర్లో పోసుకుని తాగాడు. సాసర్‌ను వెలుతురుకు వంచి చూశాడు. ఒక్క నలుసూ లేదు.

“ఇంకింత పొయ్,” అన్నాడు.