సముద్రం నుంచి రాని రాయి

నేను ఐదో తరగతితో బడి మానేశాను. నా చేతిరాత వంకర, ఒత్తులు ఎక్కడ పెట్టాలో నమ్మకం లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. మన తెలుగు సంఘం పుస్తకంలో మామయ్యగారి గురించి రాయడానికి మా ఆయనకు తీరిక లేదు. ఇంట్లో మామయ్యగారితో ఎక్కువసేపు ఉన్నదానివి నువ్వే కదా అని నన్ను రాయమన్నారు.

ఆ రోజు ఆసుపత్రికి పంపడానికి గంజి డబ్బాలో పోస్తున్నాను. మా ఆయన ఫోన్ చేశారు. "నాన్న పోయేరు" అన్నారు. అంతే. నేను డబ్బాకు మూత బిగించి, సంచిలో పెట్టి, గుమ్మం దగ్గర ఉంచాను. ఎవరు తీసుకెళతారో, ఎవరు తాగుతారో ఆలోచించలేదు.

పెళ్ళయి నేను భిలాయి వచ్చేసరికే అత్తగారు లేరు. సెక్టర్ 4 క్వార్టర్లో మేం ముగ్గురమే. మా ఆయనకు చరోదా రైల్వే యార్డులో షిఫ్టు డ్యూటీ. ఇరుగుపొరుగుతో మాట్లాడదామంటే నాకు హిందీ రాదు. మా వైపు కోడలు మామగారికి ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఇంట్లో ఇద్దరం ఉన్నా, మొదట్లో రోజంతటికీ కుక్కరు కూతే పెద్ద మాటగా ఉండేది.

మామయ్యగారు పుట్టింది భీమిలి పక్కన, సముద్రం ఒడ్డున. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాక ముందుగదిలో పెద్ద గాజుతొట్టి పెట్టించారు, సముద్రం చేపల కోసం. వాటికి ఉప్పునీళ్ళొక్కటే చాలవట. దాక్కోవడానికీ, నీళ్ళు శుభ్రపడడానికీ చిల్లుల రాళ్ళు కావాలట. ఎలాంటి రాయి పెట్టాలన్నదే మామయ్యగారి బెంగ. తొట్టి ముందు నిలబడి గాజుతో చెబుతున్నట్టు చెప్పేవారు. నేను వెనక చీపురు పట్టుకుని వినేదాన్ని. మా మాటలు అలా మొదలయ్యాయి. ఎదురెదురుగా లేం గనక మర్యాద తప్పలేదు.

ఇక్కడి ప్లాంటు మనుషులకు ఒక అలవాటు ఉంది. ఏ వస్తువు కావాలన్నా ముందు ప్లాంటులో దొరుకుతుందేమో చూస్తారు. మామయ్యగారు కూడా మొదట స్లాగే తెచ్చారు, కొలిమిలో ఇనుము తీసేశాక మిగిలే చిట్టెం.

"సూడమ్మా, సిల్లులెలాగున్నాయో. దేవుడు సేసినట్టు లేదూ?"

మర్నాటికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. ఒక్కటీ మిగల్లేదు. ఆ పూట మామయ్యగారు అన్నం ముట్టలేదు.

"బతుకంతా దీని పక్కనే పన్జేసేను. దీని గునం నాకు తెలీలేదేటమ్మా" అన్నారు.

చేపల దుకాణం భయ్యా అసలు రాయి కొనమన్నాడట. "అంకుల్, అసలీ పత్థర్ లే లో. నక్లీ మే జాన్ నహీ ఆతీ." నకిలీ రాయికి ప్రాణం రాదని అతని మాట. సముద్రం నుంచి తీసిన రాయి తన పురుగూ పాచీ వెంటబెట్టుకునే వస్తుంది. తొట్టి త్వరగా కళకళలాడుతుంది.

మామయ్యగారు ఒప్పుకోలేదు. "అది తియ్యకూడదని సట్టముంది. సట్టం మాట సరే, దాని సందుల్లో ఉన్నోల్లు ఏటైపోతారు? మన సేపకి ఇల్లు కట్టడానికి ఇంకోడిల్లు పీకేత్తామేటి?"

మా ఆయన నవ్వారు. "నాన్నా, రాళ్ళల్లో పురుగులకి కూడా క్వార్టరు అలాట్‌మెంటు ఇచ్చీలాగున్నావు."

"ఇత్తాను. కాళీ సెయ్యమని నోటీసు మాత్రం ఇవ్వను."

కాబట్టి రాళ్ళు మేమే చేసుకున్నాం. తెల్ల సిమెంటు, దంచిన ఆల్చిప్పల పొడి, కల్లుప్పు. చలిమిడిలా కలిపింది నేను. ఉప్పు తరవాత నీళ్ళలో కరిగిపోయి, అదున్న చోట చిల్లు మిగులుతుంది. పెద్ద చిల్లులు అప్పడాల కర్ర చివరతో పొడిచాను. ఆరాక డ్రమ్ములో వేసి, సిమెంటు ఘాటు పోయేదాకా నెలల తరబడి నీళ్ళు మార్చాం. తీరా తొట్టిలో పెడితే తెల్లగా, మొండిగా, కట్టుడుపళ్ళలా కనబడ్డాయి.

"రాయికైనా ఊరు పట్టాలమ్మా. తొందరపెడితే పట్టదు" అన్నారు మామయ్యగారు. ఆ మాట నన్ను గురించేనేమో అనిపించి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తరవాత రాయపూర్‌లో ఇలాంటి తొట్టి ఉన్న స్నేహితుడి దగ్గర్నుంచి గుప్పెడు తడి ఇసుక తెచ్చి రాళ్ళ మధ్య చల్లారు.

"పాలల్లో తోడేసినట్టా మావయ్యగారూ?" అన్నాను. అడక్కుండా నేనన్న మొదటి మాట అదే.

వెనక్కి తిరగబోయి, మర్యాద గుర్తొచ్చి, మళ్ళీ గాజు వైపే చూశారు. "అదీ. ఆ మాటే నాకు దొరకలేదు."

రాళ్ళ మీద పాచి పట్టింది. అక్కడక్కడ ఊదారంగు మచ్చలు వచ్చాయి. రెండు చిన్న చేపలు వేశారు. ఆ తరవాతే మంచం పట్టారు.

పెద్దకర్మ నాడు మైల పోవాలని ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ పారబోశారు. మామయ్యగారి చెల్లెలు, నాకు చిన్నత్తగారు, విజయనగరం నుంచి వచ్చి దగ్గరుండి చేయించారు. బిందెలు, బకెట్లు, కూలర్లో నీళ్ళు కూడా అయ్యాక తొట్టి ముందు నిలబడ్డారు.

"ఇదీ నిలవనీరే కదేటి. సేపల్ని గిన్నెలో ఎయ్యి. ఇది వంపించీ."

మా ఆయన నేల చూశారు.

"సేపలు కాదత్తయ్యా, రాళ్ళు…" అన్నాను.

"రాళ్ళకేటొచ్చింది? సముద్రం నుంచొచ్చినవేటి అవి? నువ్వు పిసికిన సిమెంటే కదే. మల్లీ పిసుక్కో."

చుట్టాలు నవ్వారు. పెద్దల మొహం చూసి మాట్లాడటం నాకు చేతకాదు. నేనూ గాజు వైపు తిరిగాను. "ఒక్కసారి ఇటు సూడండత్తయ్యా."

నేను పొడిచిన చిల్లులోంచి వెంట్రుకంత పురుగు ఒకటి, విసనకర్రలాంటి తల విప్పుకుని నిలబడి ఉంది. ఆ ఇసుకతో వచ్చి ఉంటుంది. చిన్నత్తగారు ముక్కు గాజుకు ఆనించారు. నీడ పడగానే అది లోపలికి పోయింది. ఆవిడ కదలకుండా ఉన్నారు. కాసేపటికి అది మళ్ళీ వచ్చి తల విప్పుకుంది.

"నీళ్ళన్నీ వంపితే ఇవి సచ్చిపోతాయి. మావయ్యగారు వారం వారం ఒక బకెట్టు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోసీవోరు. ఈవేళ ఆ బకెట్టు తీసిత్తాను. అది పారబొయ్యండి." అంత పొడుగు మాట నేనెప్పుడూ అనలేదు.

"మా అన్న పోతే పోయేడు, కోడలికి నోరిచ్చి పోయేడు" అన్నారు చిన్నత్తగారు. అది తిట్టో మెప్పో నాకిప్పటికీ తెలీదు. ఆ బకెట్టు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకెళ్ళి గుమ్మం ముందు పోశారు. తొట్టి మిగిలింది.

చుట్టాలు వెళ్ళిపోయారు. మా ఆయన డ్యూటీకి వెళ్తున్నారు. తొట్టి ముందు నిలబడి అప్పుడప్పుడు ఏదో ఒకటి అంటాను. చేపలు ఇటు తిరుగుతాయి.

అచ్చు వేయడం అయ్యాక ఈ కాగితాలు కాల్చేయండి. నా వంకర రాత ఎవరింట్లోనూ ఉండకూడదు.

ఇంకా వాన పడలేదు. గుమ్మం ముందు ఆ నీళ్ళు పారినంత మేర ఎర్రమట్టి మీద ఉప్పు తెల్లగా తేలింది, అల వచ్చి వెనక్కి పోయిన గీతలాగ. పొద్దున్న వాకిలి ఊడుస్తూ అక్కడిదాకా వచ్చి ఆగుతాను. దాన్ని వదిలి చుట్టూ ఊడుస్తాను.